సబ్బు పెట్టెలో గొంతు

పెద్దమ్మ గొంతు పోయిందని నాకెవరూ రాయలేదు. రాసినా అందేది కాదేమో. ఆ ఏడాది టపా ఒక రోజు వస్తే మళ్ళీ ఎప్పుడొస్తదో తెల్వదు. అరవై తొమ్మిది ఉద్యమం నడుస్తున్నది. పట్నంలో మా పాలిటెక్నిక్ మూసేసిన్రు, హాస్టలు ఖాళీ చేయమన్నరు. నేను రేడియో డిప్లొమా ఆఖరి సంవత్సరంలో ఉన్న. ట్రంకు పెట్టె ఒక దోస్తు గదిలో వదిలిపెట్టి, పనిముట్ల సంచి భుజానికేసుకొని ఊరి బాట పట్టిన. కొంత దూరం లారీ, కొంత దూరం ఎడ్లబండి, మిగిలింది నడక.

మా ఊరు హిమాయత్‌నగర్. పట్నంలో అదే పేరుతో పెద్ద బస్తీ ఉన్నది. కాలేజీలో ఊరి పేరు చెప్తే నన్ను ఉన్నోళ్ళ పిల్లగాడనుకునేవాళ్ళు. మాది మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్. చేవెళ్ల రోడ్డు దిగితే ముందు కూరగాయల మళ్ళు, తర్వాత మా చర్చి, చర్చి గోడనానుకొని ఒంటి గది బడి, ఆ తర్వాత ఊరు. ఆ బడికి టీచరు మా పెద్దమ్మ, నన్ను కన్న అవ్వకు సొంత అక్క. పెళ్ళి చేసుకోలేదు. బడి వెనక అర్రలోనే ఉంటది. నేను సెలవులకు ఎప్పుడొచ్చినా రోడ్డు మీద నన్ను చూసి బడి గడప మీది నుంచే కేకేసేది, "వచ్చినవా బిడ్డా" అని. ఆ కేక విని ఊరికి అవతలి కొసకున్న ఇంట్లో మా అవ్వ ఎసరు పెట్టేది.

ఆ రోజు కూడా గడప మీద నిలబడ్డది. నన్ను చూసింది. నోరు తెరిచింది. పెదవులు కదిలినయి. ఏమీ వినపడలేదు. లారీ మోతకు నా చెవులు గడియలు పడ్డయనుకొని తల విదిలించిన. వెనక రోడ్డు మీద బండి ఇరుసు కీచుమంటున్నది, అది వినపడుతున్నది. మళ్ళల్లో ఎవరో కోడిని అదిలిస్తున్నరు, అదీ వినపడుతున్నది. పెద్దమ్మ ఒక్కతే వినపడుతలేదు. అప్పుడు చూసిన, మెడకు తెల్లగుడ్డ చుట్టి ఉన్నది. సంచి కింద పెట్టాలన్న సోయి కూడా లేదు.

గొంతులో గడ్డ లేచిందట. దవాఖానలో కోసి తీసిన్రట. ప్రాణం దక్కింది, అదే సంతోషమనుకొమ్మని డాక్టరు చెప్పి పంపిండట. అవ్వ ఇదంతా చెప్తూ మధ్యలో రెండుసార్లు బయటికి పోయి వచ్చింది.

పెద్దమ్మ చదువు చెప్పే పద్ధతి ఒక్కటే. ఆమె ఒక ముక్క చెప్తది, పిల్లలంతా కలిసి ఆ ముక్కను తిరిగి చెప్తరు. అక్షరాలు అట్లనే, ఎక్కాలు అట్లనే, వాక్యాలు అట్లనే. మా చర్చిలో కూడా పద్ధతి అదే. పాటల పుస్తకాలు తక్కువ, చదువొచ్చినవాళ్ళు తక్కువ. ఒకరు చరణం చదివితే సంఘమంతా అందుకుంటది. మా ఊళ్ళో ఎవరైనా ఏది నేర్చుకున్నా చెప్పించుకొనే నేర్చుకున్నరు. మళ్ళల్లో కలుపు తీసే తల్లులు ఆ అరుపు విని బడి నడుస్తున్నదని తెలుసుకునేవాళ్ళు. అరుపు ఆగితే అన్నం వేళయిందని లెక్క.

ఇప్పుడు ముందు చెప్పే గొంతు లేదు. దానికి తోడు ఉద్యమంతో సర్కారు బడి మూతపడ్డది. ఎండాకాలం సెలవులయిపోయినా తెరవలేదు. ఆ పిల్లలు కూడా పెద్దమ్మ బడికే వచ్చి కూర్చుంటున్నరు. గది నిండిపోయి కొందరు గడప మీద కూర్చుంటున్నరు. కొన్నాళ్ళు పెద్దమ్మ ఒక ఉపాయం చేసిందట. అయిదో తరగతి పిల్ల ఒకతికి గొంతు పెద్దది. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని చెవిలో చెప్తే, ఆమె గట్టిగా చెప్పేది, పిల్లలు అందుకునేవాళ్ళు. వానలు పడంగనే ఆ పిల్ల తల్లి వెంట కలుపుకు పోయింది.

చర్చినీ బడినీ చూసుకునే పాస్టరయ్య చేవెళ్లలో ఉంటడు. ఆలూరు, మా ఊరు, ఇంకా కొన్ని ఊళ్ళు ఆయన చేతి కింద ఉన్నయి. మనిషి చెడ్డోడు కాదు. దవాఖానకు పండ్లు పట్టుకొని పోయి చూసొచ్చిండట. కానీ ఊరికొచ్చినప్పుడు పెద్దమ్మతోని అందరి ముందట అన్నడట, పిల్లలకు వినపడని బడి బడి ఎట్లయితదమ్మా అని. చర్చి పంట పండుగ ముందు ఒక రోజు వచ్చి కూర్చొని చూస్తడట. నడవదనుకుంటే గది సంఘానికి తీసుకుంటడు, పెద్దమ్మ మా ఇంటికి రావాలె. మా బాపు ఒక చాప ఎక్కువైతది, అంతే గద అన్నడు. మంచి మనసుతోనే అన్నడు. పెద్దమ్మ ఆ మాట విని లేచి బడికి పోయింది, అప్పటికి పిల్లలెవరూ లేకున్నా.

మర్నాడు ఆమె పక్కన కూర్చొని చెవి దగ్గర పెట్టి విన్న. అప్పుడు ఒక సంగతి తెలిసింది. అక్షరాలన్నీ ఉన్నయి. ళ, ణ, ఒత్తులు, అన్నీ శుభ్రంగా ఉన్నయి. గొంతులో నాదం పోయింది, గాలి మిగిలింది. పెదవులు, నాలుక ఆ గాలిని మునుపటి లెక్కనే మాటలుగా కోస్తున్నయి. నాకు కాలేజీలో చెప్పింది గుర్తొచ్చింది. చిన్న సంకేతం ఉన్నది, దాన్ని పెద్దగ చేయాలె. ఇది నా పనే.

మాకు కాలేజీలో నేర్పింది వాల్వు యాంప్లిఫయర్లు. మీటింగుల్లో పెట్టే రకం. దానికి కరెంటు కావాలె, బడిలో కరెంటు లేదు. బరువు ఇద్దరు మోయాలె. ఖరీదు మా చర్చి మొత్తం కలిసినా పెట్టలేనంత. కానీ ట్రాన్సిస్టర్లు వచ్చినయి. శనగగింజంత ఉంటది, మూడు తీగలు, టార్చిలైటు సెల్లుల మీద నడుస్తది. కొన్నేళ్ళ కింద పట్నంలో ఉన్నోళ్ళ ఇండ్లల్లో తప్ప కనపడని వస్తువు, ఇప్పుడు నా లాంటోడు కొనగలిగినంత చవకయింది. మా లెక్చరర్లలో పెద్దవాళ్ళు వాటిని బొమ్మలన్నట్టే చూసేవాళ్ళు. నేను హాస్టల్లో వాటితో రేడియో చేసి వింటుంటి.

కర్ఫ్యూ సడలించిన రోజు చూసుకొని పట్నం పోయిన. జుమ్మేరాత్ బజారులో పాత సామాను అమ్మే ముసలాయన దగ్గర తెచ్చిన సరుకు ఇది: పాత టెలిఫోను చేతిపిడి, అందులో బొగ్గు రవ్వల మైకు పనిచేస్తున్నది, అంచు చిరిగిన స్పీకరు ఒకటి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు, ట్రాన్సిస్టర్లు. ముసలాయన ఇవన్నీ కాగితంలో చుడుతూ, అందరూ దుకాణాలు మూస్తుంటే నువ్వు పెళ్ళి బ్యాండు పెడ్తున్నవా భాయ్ అని నవ్విండు. వీటన్నిటినీ బిగించనీకె పెట్టె కావాలె. మొయినాబాద్‌లో షావుకారు దుకాణం ముందు సబ్బుల చెక్కపెట్టెలు పడి ఉంటయి. ఒకటి అడిగిన.

"దేనికి ఇంజనీరు సాబ్?" అన్నడు.

చెప్పిన. ఆయన పెట్టె ఇచ్చిండు గానీ చేతిలో పెట్టే ముందు ఒక మాటన్నడు. "మైకు పెట్టొద్దని డప్పేసి చాటిచ్చిన్రు. ఇన్నవా? నీ పెట్టె మీద నా దుకాణం చీటీ ఉన్నది. అది గీకెయ్."

ఇది మైకు కాదు, దీని శబ్దం గది గోడ దాటదని చెప్పిన. ఎన్ని వాట్లో కూడా చెప్పిన. ఆయన తలూపి, తనే చాకు తెచ్చి చీటీ గీకిండు.

టంకం వేసి పూర్తి చేసిన రోజు మా ఇంట్లోనే పరీక్ష పెట్టిన. పిడిని స్పీకరు దగ్గరికి తెస్తే కూతపెట్టింది, మా ఇంటి మేక తాడు తెంపుకున్నది. దూరం ఎంతుండాలో చూసి గుర్తు పెట్టిన. స్పీకరు గది చివర కిటికీలో, పెద్దమ్మ ఈ చివర, మధ్యలో తీగ. పిడి పెదవులకు ఆనించి పట్టుకోవాలె. సెల్లులు సరిపోను ఉన్నయా, తీగ కాళ్ళకు తట్టకుండ ఉన్నదా, వాన నీళ్ళు పెట్టె మీద పడకుండ ఉన్నయా, అన్నీ చూసుకున్న. చూసుకోనిది ఏమీ మిగల్లేదనుకున్న.

మొదటి రోజు పెద్దమ్మ పిడి పట్టుకొని, "పిల్లలూ" అన్నది.

గది చివరి నుంచి ఆ మాట వచ్చింది. అది ఆమె పాత గొంతు కాదు. లావుగ, గరగరగ, తుఫాను గాలికి తలుపు సందులోంచి వచ్చే మోత లెక్క ఉన్నది. కానీ మాట మాటే. పిల్లలంతా ఒక్కసారి వెనక్కి తిరిగిన్రు. వాళ్ళు పెద్దమ్మ దిక్కు చూస్తలేరు, కిటికీలో పెట్టె దిక్కు చూస్తున్నరు. లేవమంటే లేచిన్రు, పెట్టెకు దండం పెట్టిన్రు. కూర్చోమంటే కూర్చున్నరు. నాకు లోపల పొంగు వచ్చింది.

పెద్దమ్మ అన్నది, "రెండొకట్ల రెండు."

పిల్లలందరూ పిడికిళ్ళు పైకెత్తి, "జై తెలంగాణ" అన్నరు.

నేను గోడకు ఆనుకొని నిలబడి ఉంటి. నవ్వుతరేమో, ఇది వాళ్ళ చిలిపిపనేమో అని ముఖాలు చూసిన. ఎవ్వరూ నవ్వుతలేరు. ఎక్కం చెప్పేటప్పుడు ఎట్ల కూర్చుంటరో అట్లనే కూర్చున్నరు, కండ్లు పెట్టె మీద పెట్టి. పెద్దమ్మ ఇంకోసారి, "రెండు రెండ్ల నాలుగు" అన్నది. మళ్ళీ పిడికిళ్ళు లేచినయి. గడప మీద కూర్చున్న, ఇంకా పలక పట్టని పిల్లలు సుత అదే.

తర్వాత ఆలోచిస్తే అర్థమయింది. మా ఊరి పిల్లలు పుట్టిన తర్వాత లౌడుస్పీకరు విన్నది ఎక్కడ? ఆర్నెల్లుగా మొయినాబాద్ చౌరస్తాలో, జీపు మీద, పొద్దుగూకితే. అక్కడ మైకులో నుంచి ఒక మాట వస్తది. జనం పిడికిలెత్తి ఒక జవాబిస్తరు. తండ్రుల భుజాల మీద కూర్చొని ఈ పిల్లలు కూడా అదే ఇచ్చిన్రు. మనిషి చెప్తే ఆ ముక్కే తిరిగి చెప్పాలె. పెట్టె చెప్తే జై తెలంగాణ అనాలె. వాళ్ళు నేర్చుకున్నది నేర్చుకున్నట్టే అప్పజెప్పిన్రు. పెద్దమ్మ నేర్పిన బుద్ధే అది, అందరూ ఒక్క గొంతుతో అనుడు.

కానీ అప్పటికి నేను ఇదంతా ఆలోచించే స్థితిలో లేను. పెద్దమ్మ ముఖం తెల్లబోయింది. పిడి ఇంకా పెదవుల దగ్గరే ఉన్నది. తర్వాత పెట్టెలో నుంచి హఁ, హఁ, హఁ అని ఏదో వచ్చింది. టంకం ఊడిందనుకొని పెట్టె దగ్గరికి ఉరికిన. అది కాదు. పెద్దమ్మ నవ్వుతున్నది. గొంతు పోయిన తర్వాత ఆమె నవ్వితే ఎవరికీ వినపడలేదు. ఇప్పుడు గది మొత్తానికి వినపడుతున్నది. అది విని పిల్లలు కూడా నవ్విన్రు.

సాయంత్రం నా చెవి దగ్గర ఒక్క మాట చెప్పింది. "చెప్పించుడు బంద్ చేస్త. అడుగుత."

అట్లనే చేసింది. పెట్టె ఒక ప్రశ్న అడుగుతది. బుట్టలో ఇన్ని వంకాయలుంటే, ఇన్ని పుచ్చులు పోతే ఎన్ని మిగిలినయని. పెద్దమ్మ ఎవరి దిక్కు చూస్తే వాళ్ళు లేచి చెప్పాలె, మిగతావాళ్ళు అది తప్పో ఒప్పో వినాలె. మొదట్లో వంకాయలకు కూడా పిడికిళ్ళు లేచినయి. మెల్లగ తగ్గినయి. ప్రశ్నకు నినాదం జవాబు కాదని పిల్లలకు తెలిసింది. ఇన్నేండ్లు మందలో పెదవులు కదిలించి తప్పించుకున్నోళ్ళు ఇప్పుడు లేచి నిలబడాల్సి వచ్చింది. నాలుగో తరగతి పిల్లగాడొకడు ఎక్కాలన్నీ పాటలెక్క పాడుతడు, మధ్యలో ఆపి ఏడెనిమిదులు ఎంతరా అంటే చెప్పలేడు. ఆ సంగతి పెద్దమ్మకు అప్పటిదాక తెల్వదు. ఆమె ఆ రోజు చాలాసేపు వాని దిక్కే చూస్తూ కూర్చున్నది.

బడిలో అరుపు పోయింది. అది ఇంకో తంటా తెచ్చింది. మళ్ళల్లో తల్లులకు బడి వినపడుతలేదు. ఒకామె కొడవలి చేతిలో పట్టుకొనే వచ్చి, బడి బందయిందా, పిల్లలు చౌరస్తాకు పోయిన్రా అని అడిగింది. గదిలో తన బిడ్డను చూసి ఇంకా కోపమొచ్చింది. "నోరు తెరవకుంట కూసుంటే సదువెట్లొస్తది?" అని నన్ను నిలదీసింది.

ఆ మాట పెద్దమ్మ మనసులో పడ్డది. పాస్టరయ్య కూడా అట్లనే అంటడని భయం పట్టుకున్నది. ఆయన వచ్చేది ఇంక నాలుగైదు రోజులే. ఆయన బడి చూసుడంటే ఎక్కాలు కలిసి చెప్పించి వినుడే. అందుకని పెట్టెతోనే ఒకసారి పాత పద్ధతిలో చెప్పించి చూద్దామన్నది. పిల్లలు మరిచిపోయి ఉంటరని నాకూ అనిపించింది. స్విచ్చి వేసిన.

మూడొకట్ల మూడుకు గది పెంకులు ఎగిరేటట్టు మళ్ళీ ఆ నినాదమే జవాబుగ వచ్చింది. ఇన్ని రోజులు మూసిపెట్టిన నోళ్ళు, అన్నీ ఒక్కసారి.

రోడ్డు మీద పోలీసు వ్యాను ఆగింది. చేవెళ్ల దిక్కు పోతున్నదట. మేము అమీన్ సాబ్ అనే ఎస్సై ముందు దిగిండు, వెనక లాఠీలతో జవాన్లు. జవాన్లు ఎక్కడోళ్ళో, తెలుగు రాదు. బూట్లతోనే లోపలికొచ్చిన్రు. పిల్లలు లేచి గోడకు అంటుకున్నరు.

అమీన్ సాబ్ పెట్టెను చూసిండు, తీగ వెంట చూపు నడిపించి పెద్దమ్మ చేతిలో పిడిని చూసిండు. నేను ఒక అడుగు ముందుకేసి స్విచ్చి ఆర్పిన. అదే నేను చేసిన తెలివితక్కువ పని. పెద్దమ్మను ఆయన అడిగిండు, ఈ మైకు ఎవరు పెట్టిచ్చిన్రని. పెద్దమ్మ పెదవులు కదిలినయి.

"గట్టిగ చెప్పమ్మా. ఇప్పటిదాక నినాదాలిచ్చినవు గద, ఇప్పుడు నోరు పడిపోయిందా?"

ఆయనకు తెల్వక అన్నడు. అయినా ఆ మాట వినంగనే పెద్దమ్మ కండ్లు దించుకున్నది.

నేను అన్న, "సార్, ఆమెకు గొంతు లేదు. ఆపరేషన్ అయింది. పెట్టె నేను చేసిన. దీని శబ్దం గది దాటదు."

"గది దాటకుంటే రోడ్డు మీద నాకెట్ల వినపడ్డది?"

"మీకు వినపడ్డది పిల్లల గొంతు సార్. పెట్టెది కాదు."

నిజమే చెప్పిన. కానీ చెప్పిన తర్వాత ఆయన ముఖం చూస్తే తెలిసింది, పెట్టె నినాదాలిచ్చిందన్నదానికంటె పిల్లలిచ్చిన్రన్నది పెద్ద నేరమని. ఆయన పిల్లల దిక్కు చూసిండు. అప్పుడు నేను బతిమాలి చెప్పిన, ఒక్కసారి స్విచ్చి వేయనియ్యుండ్రి, ఆమెనే మీతో మాట్లాడుతది అని. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నడు. మెడకున్న గుడ్డ ఆయన కంట పడ్డట్టున్నది.

పెద్దమ్మ పిడి పెదవులకు ఆనించుకున్నది. "అయ్యా, ఇది చిన్నపిల్లల బడి" అన్నది.

"జై తెలంగాణ" అన్నరు పిల్లలు, గోడకు అంటుకొనే, పిడికిళ్ళెత్తి.

ఒక జవాను లాఠీ పైకి లేచింది. అమీన్ సాబ్ చెయ్యి అడ్డం పెట్టిండు. భయంతో ఏడ్వబోతున్న పిల్లలే ఆ మాట అన్నరని ఆయనకు కూడా కనపడుతున్నది. ఎందుకన్నరో అర్థమవుతలేదు. నాకు అర్థమైంది గానీ నా కండ్లు లాఠీ మీదనే ఉన్నయి. కొడితే ఎవరిని ముందు కొడ్తరు, నేను ఎక్కడ నిలబడితే అడ్డం పడుత, ఇదే ఆలోచన.

చివరికి ఆయన అన్నడు, "పెట్టె తీసుకపోతున్న. మల్ల పెట్టినవంటే నిన్ను తీసుకపోత." తీగను పీకి, పెట్టెను, పిడిని జవాను చేతికిచ్చిండు. పోతూ గడప దగ్గర ఆగి పెద్దమ్మ దిక్కు తిరిగి, "దవాఖానలో ఇంకోసారి చూపించుకో అమ్మా" అన్నడు.

వ్యాను పోయింది. పెద్దమ్మ ఏదో చెప్పబోయింది. పిడి లేని చెయ్యి పెదవుల దాక పోయి ఆగింది.

ఆ నాలుగు రోజులు నేను బడి దిక్కు పోలేదు. రెండో పెట్టె చేయనీకె సామాన్లు లేవు, ధైర్యం అసలే లేదు. మొయినాబాద్ పోయి షావుకారుకు సంగతి చెప్తే, ఆయన ముందు అడిగింది చీటీ పూర్తిగ గీకినమా లేదా అని. మా బాపు ఇంట్లో మూలకున్న గింజల గాబు జరిపి చాప పరిచేటంత జాగ చేసిండు.

పాస్టరయ్య వచ్చే రోజు పొద్దున నేను రోడ్డు మీద నిలబడ్డ. సైకిలు మీద వచ్చిండు, వెనక క్యారియరు మీద గొడుగు. మళ్ళ దగ్గర దిగిండు. చెవి పెట్టి విన్నడు. నేనూ విన్న. బడి దిక్కు నుంచి చిన్న అలికిడి కూడా లేదు.

"బడి లేదా ఇయ్యాల?"

"ఉన్నది అయ్యగారూ."

"ఉంటే వినపడాలె గద బిడ్డా." ఆయన కోపంగ అనలేదు. బాధపడుతూ అన్నడు. సైకిలు వెనక్కి తిప్పబోయి, అయినా అమ్మను కలిసి పోవాలె, ఈ మాట నేనే చెప్పాలె అని నడిచిండు. నేను వెనక నడుస్తున్న. పిల్లలు రాలేదేమో, పోలీసుల భయానికి తల్లులు పంపలేదేమో, ఖాళీ గదిలో పెద్దమ్మ ఒక్కతే కూర్చొని ఉన్నదేమో అనుకుంటూ గడప దాక పోయిన.

గది నిండా పిల్లలున్నరు.

పెద్దమ్మ గోడ దగ్గర లేదు. గది నడుమ పీట వేసుకొని కూర్చున్నది, పిల్లలు చుట్టూ. అందరి తలలూ ఆమె దిక్కు వంగి ఉన్నయి. ఎవరూ మమ్మల్ని చూడలేదు. ఆమె పెదవులు కదిలినయి. నాకు వినపడింది. గడప మీద నిలబడ్డ నాకు ప్రతి మాటా వినపడింది. సంతకు పోయిన ఒకామె బుట్టలో ఎన్ని సొరకాయలున్నయి, దార్లో ఎన్నిచ్చింది, ఎన్ని మిగిలినయి. చివరి వరసలో ఒక చిన్నపిల్ల లేచి జవాబు చెప్పి కూర్చున్నది. తప్పు చెప్పింది. పక్కపిల్ల లేచి సరిదిద్దింది.

నేను గడప పట్టుకొని నిలబడ్డ. నమ్మబుద్ధి కాలేదు. యాంప్లిఫయరు లేదు, స్పీకరు లేదు, సంకేతం అంతే చిన్నగున్నది. మారింది గది. పెట్టె ముందు కూర్చొని ఒకరు చెప్తే మిగతావాళ్ళు వినుడు నేర్చుకున్న గది అది. మా పుస్తకాల్లో సంకేతంతో పాటు రణగొణను కూడా లెక్క వేయాలని ఉన్నది, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్న. ఆ లెక్క మనుషులకు వర్తిస్తదని ఒక్కసారి కూడా తోచలేదు.

పాస్టరయ్య చెప్పులు చేతిలో పట్టుకొని లోపలికి పోయి చివరి వరసలో పిల్లల పక్కన నేల మీద కూర్చున్నడు. చాలాసేపు కూర్చున్నడు. ఎక్కాలు చెప్పించుమని అడగలేదు. మధ్యలో ఒక ప్రశ్న ఆయనే అడిగిండు, చెవిలో చెప్పినట్టు మెల్లగ, ఆ గదిలో గట్టిగ మాట్లాడబుద్ధి కాక. ఒక పిల్లగాడు జవాబు చెప్పిండు. పెద్దమ్మ ఆయన దిక్కు చూస్తలేదు. ఆమె చేతులు మాత్రం కొంగును మెలేస్తున్నయి.

పోయే ముందు ప్రార్థన చేస్తనని లేచిండు. ప్రార్థనంటే ఆయన గొంతు మారుతది. మైకు అక్కరలేని గొంతు ఆయనది, చర్చి బయట నిలబడ్డోళ్ళకు కూడా వినపడాలని అలవాటయింది. కండ్లు మూసుకొని, చేతులు చాపి, పిల్లల కోసం, తల్లిదండ్రుల కోసం, వానల కోసం, ఈ దేశంలో శాంతి సమాధానాల కోసం గదంతా మోగేటట్టు అడిగి, ఆఖరికి ఊపిరి పీల్చుకొని ఆగిండు. అందరూ ఆమెన్ అనాల్సిన చోటు అది.

పిడికిళ్ళు లేచినయి. "జై తెలంగాణ."

అంతా అయిపోయిందనుకున్న. పాస్టరయ్య కండ్లు తెరిచిండు. చాపిన చేతులు అట్లనే ఉన్నయి. పిల్లలు ఆయన దిక్కు, ఏ తప్పూ చేయనోళ్ళ లెక్క చూస్తున్నరు. పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. భుజాలు కదులుతున్నయి, చప్పుడు లేదు.

ఆయన చేతులు దించిండు. "ఆమెన్" అన్నడు, తనకు తానే. గొడుగు తీసుకున్నడు. గడప దాక వచ్చి, మళ్ళీ వెనక్కి పోయి, పెద్దమ్మ ముందట వంగి, ఆమెకు మాత్రమే వినపడేటట్టు చెప్పిండు. కానీ ఆ గదిలో అది అందరికీ వినపడింది.

"మీరే చెప్పుండ్రి అమ్మా. మీరు చెప్తే వింటున్నరు."

పాలిటెక్నిక్ మళ్ళీ తెరిచిన్రు. ఏడాది పోయింది, పరీక్షలు రాయాలె. నేను పట్నం వచ్చే ముందు పెద్దమ్మ బడి గడపకు ఒక పాత రైలుపట్టా ముక్క వేలాడదీయించింది. పొద్దున బడి మొదలైతే దాని మీద రాయితో కొట్టిస్తది, మళ్ళల్లో తల్లుల కోసం. చర్చి దగ్గర ఖణేల్మంటది. ఆ తర్వాత ఊరికి ఏమీ వినపడదు.